కోతల పండుగకి డోనట్ మిషన్

పామర్రులో పుట్టినరోజు కేకంటే హెలెన్ కేకే. ఆమె వాడే సరంజామా మాత్రం ఒక ఓవెన్, బీటర్, కాటా, గరిటె, అంతే. మిగతాదంతా బీరువాలో ఉంటుంది. గుడ్డు తెల్లసొన వేరుచేసే గిన్నె, కేకుని పొరలుగా కోసే తీగ, చెర్రీల్లో గింజ తీసే పరికరం. మన బజార్లో చెర్రీలు పాకంలో ఊరి, గింజ లేకుండానే వస్తాయని ఆమెకి తెలియనిది కాదు. ఫోన్లో వీడియో చూసేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తుకు రాదు.

భర్త ఫిలిప్ ఆర్టీసీ కండక్టరు. పార్సిల్ వచ్చినప్పుడల్లా ఒకటే మాట అడిగేవాడు.

"దీంతో ఇంకో పనేమన్నా అయిద్దా?"

"ఒక్క పనేనండీ. కానీ బ్రహ్మాండంగా చేసిద్ది, చూడండి," అనేది హెలెన్.

ఆఖరుగా తెప్పించిన డోనట్ మిషన్ ఆ ఒక్క పనీ చేయలేదు. పైన మాడ్చి, లోపల పచ్చిపిండి వదిలేసేది. హెలెన్ పిండి పలచన చేసింది, చిక్కన చేసింది, మిషన్‌ని నోటికొచ్చినట్టు తిట్టింది, చివరికి అట్టపెట్టెలో పెట్టి బీరువాలో పడేసింది.

ఇంతలో కోతల పండుగ వచ్చింది. ఆ రోజు వాళ్ల చర్చిలో ఎవరి కష్టంలో మొదటిది, మంచిది వాళ్లు తెచ్చి దేవుడికి ఇస్తారు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. దేవుడి పేరున పాడే పాట కాబట్టి గుమ్మడికాయ కూడా బజారు ధరకి పోదు. హెలెన్ ఏటా పెద్ద ప్లమ్ కేకు ఇచ్చేది. ఆ ఏడు ఆర్డర్లు మీద పడి తీరిక దొరకలేదు. బీరువా తెరిస్తే మిషన్ తళతళలాడుతూ కనిపించింది. కొత్తదే కదా, ఎవరికో ఒకరికి పనికొస్తుందని సర్దిచెప్పుకుని దాన్నే ఇచ్చింది. పనికిరాదని ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

వేలంలో దాన్ని పట్టుకుంది అమలమ్మ. పొలం పనులకి వెళ్లే మనిషి. మనవరాలు మార్తకి డోనట్లంటే ప్రాణం. "హెలెనమ్మగారి చేతి వస్తువు" అంటూ పాట పెంచుకుంటూ పోయింది. హెలెన్ ఒక్క మాట పాడితే మిషన్ తిరిగి ఆమెకే వచ్చేది. ఇచ్చినదాన్నే పాడుకుంటే జనం ఏమనుకుంటారోనని కొంగు సర్దుకుంటూ కూర్చుంది. అమలమ్మ కోతల కూలి డబ్బు ముడి విప్పి ఇచ్చింది. మగవాళ్ల వరసలోంచి ఫిలిప్ ఒకసారి భార్య వైపు చూశాడు.

కొన్నాళ్లకి అమలమ్మ సంచి పట్టుకుని హెలెన్ ఇంటికొచ్చింది. వేలి కొస కాలి బొబ్బెక్కి ఉంది.

"తప్పయిపోయిందమ్మగారూ. నా మొరటు చేతులకి మిషన్ పాడైనట్టుంది. పైన మాడిపోతంది, లోపల ఉడకట్లా. దేవుడి సొత్తు. పాస్టరుగారికి చెప్పబాకండి."

సిగ్గుతో హెలెన్ చెవులు వేడెక్కాయి. పిండి నువ్వే సరిగ్గా కలిపి ఉండవని ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ బొబ్బ చూశాక బయటికి రాలేదు.

"నువ్వు పాడుచెయ్యలేదు అమలమ్మా. నా దగ్గరా అంతే చేసింది. పనికిరాదని తెలిసే ఇచ్చాను. ఇటివ్వు, నీ డబ్బులు నేనిస్తాను."

అమలమ్మ సంచి కింద పెట్టింది. ఆమెకి కోపం వచ్చినా హెలెన్‌కి కొంచెం తేలికయ్యేది.

"దేవుడికిచ్చేటప్పుడే తెలుసా అమ్మా?"

హెలెన్ తలూపింది.

అమలమ్మ సంచి మళ్లీ చంకన పెట్టుకుంది. "ఉండనీండి. దేవుడి పేరున పాడుకున్నా. వెనక్కిస్తే బాగోదు."

ఆ తర్వాత హెలెన్ ఇంటికి అలాంటి పార్సిల్ మరొకటి రాలేదు. కానీ ఒక బుధవారం ఇంటింటి ప్రార్థన అమలమ్మ వాళ్లింట్లో పడింది. బైబిలు వాక్యం రాసిన క్యాలెండర్ కింద, గూట్లో, కుట్టుపువ్వుల గుడ్డ మీద డోనట్ మిషన్ ఉంది.

"వాడకుండా అలా పెట్టావేంటి అమలమ్మా?" అని ఎవరో అడిగారు.

"హెలెనమ్మగారు దేవుడికిచ్చిందమ్మా. వాడబుద్ధి కాలా."

ప్రార్థన ఇంకా మొదలు కాలేదు. హెలెన్ అప్పుడే కళ్లు మూసుకుంది.