బొంత కప్పిన కంప్యూటర్

తొంభై ఎనిమిది ఉగాది వెళ్లిన వారానికి మా సారపాక ఇంట్లో కంప్యూటర్ మోత పెరిగింది. పెళ్లి కార్డులు, కరపత్రాలు టైపు చేసి ప్రెస్సుకు ఇచ్చేదాన్ని. ఇల్లు గడిచేది దాని మీదే. ఉన్న గది ఒకటే. పరదాకు అవతల మంచంలో మావారు. బొగ్గు బాయిలో ఊపిరితిత్తులు చెడి, మెడికల్ అన్‌ఫిట్ అయి ఇంటికి వచ్చిన మనిషి. రాత్రంతా దగ్గు. పగలు కాసేపు కన్ను మూతపడితే అదే ఆయనకు నిద్ర. ఆ కాసేపు కూడా కంప్యూటర్ లోపలి ఫ్యాను పడుకోనిచ్చేది కాదు.

"బాయిల గాలి మిషన్ పక్కన పండుకున్నట్టున్నది," అన్నారొకనాడు. కోపంగా కాదు, అలసిపోయి.

మా ఇళ్లలో టీవీకైనా రేడియోకైనా గుడ్డ కప్పడం అలవాటు. గుడ్డ చాలదని నేను పాత చీరల బొంత తీసి కంప్యూటర్ పెట్టె చుట్టూ కప్పాను. మోత అణిగింది. ఆయన నిద్రపోయారు. భోజనాల వేళకు కంప్యూటర్ ఆగిపోయింది. సగం కొట్టిన కార్డు పోయింది. పెట్టె మీద చెయ్యి పెడితే పెనంలా కాలింది.

కుట్టు మిషన్లు బాగుచేసే మా మరిది వచ్చి బొంత చూసి నవ్వాడు.

"వదినా, ఈ ఎండల మనిషికైన కప్పుతరా బొంత?"

ఇద్దరం కలిసి పక్క రేకు విప్పాం. కాగితం మిల్లుకు పోయే వెదురు లారీలు లేపే దుమ్మంతా ఫ్యాను రెక్కలకు పట్టి, గాలి సందులు మూసుకుపోయాయి. ఇరుసు ఎండి గరగరలాడుతోంది. నేను పెయింటు బ్రష్షుతో దులిపాను. అతను ఇరుసులో ఒక్క చుక్క మిషన్ నూనె వేసి, ఫ్యాను బిగించే మరల కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాడు. పెట్టెను ఇనుప స్టూలు మీంచి దించి, వేడి గాలి కిటికీలోంచి బయటికి పోయేలా చెక్కపీట మీద తిప్పి పెట్టాం.

మంచంలోంచి అంతా చూస్తున్న ఆయన తమ్ముణ్ణి అడిగారు.

"నాది గూడ గట్లనే విప్పి దులుపరాదుర?"

మరిది మరలు బిగిస్తూ కూర్చున్నాడు.

ఆ పూటంతా పని చేసినా పెట్టె గోరువెచ్చగానే ఉంది, మోత దాదాపు లేదు. ఆయన నిద్రపోయారు. కానీ ఇన్నాళ్లూ ఫ్యాను మోతలో వినిపించని చప్పుడొకటి పరదా అవతల నుంచి వచ్చింది. ఊపిరి ఈల వేసినట్టు లోపలికి పోతుంది, మధ్యలో ఆగుతుంది. అది ఆగినప్పుడల్లా నా వేళ్లు కీబోర్డు మీద ఆగేవి. మళ్లీ వినిపించాకే తర్వాతి అక్షరం కొట్టేదాన్ని.

ఆ ఏడు కార్తీకంలో ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అట్లాగే టైపు చేశాను.