సాల్మియాలో చైనా సినిమాకు తెలుగు చెప్పిన శుక్రవారం

మా ముత్తాత వెంకటపతిరాజు చెయ్యేటి పక్క ఏడు ఊళ్లలో భూమి ఉన్నవాడు. ఆ ఏడు ఊళ్లలో ఎక్కడ తగవు వచ్చినా తీర్పు మా అరుగు మీదే జరిగేది. ఆయన కొడుకు, అంటే మా తాత నరసింహరాజు, రాజంపేట తాలూకాలో సినిమా హాలు కట్టి ముప్పై ఏళ్లు నడిపాడు. దానికి బోర్డు మీద ఏదో దేవుడి పేరు ఉండేది గానీ జనం రాజుల హాలు అనే పిలిచేవారు. మా నాన్న రామభద్రరాజు తెల్ల పంచె కట్టుకుని గేటు దగ్గర నిలబడితే నేల టిక్కెట్టువాళ్లు కూడా వరుస తప్పేవారు కాదు. వాళ్ల తర్వాత నేను. కువైట్‌లో ఒక కంపెనీ స్టోరు చూస్తాను. రిగ్గైలో ఒక గదిలో ఉంటాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

ఈ శుక్రవారం ప్రయాణానికి కారణం సుబ్బమ్మ. మా పక్క ఊరి మనిషి, అరవై దగ్గరపడింది. రుమైథియాలో ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తోంది. ఈ దేశంలో ఉండనిచ్చే ఆమె ఇఖామా కాగితాలు వచ్చినప్పుడల్లా చదివి చెప్పేది నేనే. జనవరిలో ఆమెకు పని ఖలాస్ అయింది, ఇక తిరిగి రాకుండా ఆదివారం విమానానికి ఇంటికి పోతోంది. టిక్కెట్టు కాగితం చదివి చెబుతూ, ఇన్నేళ్లలో కువైట్‌లో ఏం చూశావు అని అడిగాను.

"మామా వంటిల్లు చూసినా రాజా. పండగలకు మామా చెల్లెలి వంటిల్లు చూసినా," అంది. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటారు.

ఆ తర్వాత తన కోరిక చెప్పింది. చిన్నప్పుడు మా హాల్లో నేల మీద కూర్చుని ఒక చైనా కత్తుల సినిమా చూసిందట. అలాంటిదే ఒకటి పెద్ద తెర మీద చూసి పోవాలని ఉందట. సరిగ్గా ఆ వారమే సాల్మియాలో అలాంటి సినిమా ఆడుతోంది. పూర్వకాలపు చైనా, కోటలు, పట్టుబట్టలు, కత్తియుద్ధాలు. దాని ప్రకటన నేను ఫోన్‌లో తెలుగులోనే చూశాను.

"శుక్రవారం పోదాం. తెలుగులోనే ఉంది," అని మాట ఇచ్చాను. మా ఇంట్లో ఇచ్చిన మాటకు రెండో ఆలోచన ఉండదు.

శుక్రవారం పన్నెండూ ఇరవైకి రిగ్గైలో బస్సెక్కాను. చార్జీ మూడు వందల ఫిల్సు. చిల్లర ముందే చేతిలో ఉంచుకోవడం మంచిది, డ్రైవర్లు ఐదు దీనార్ల నోటు చూస్తే మొహం తిప్పుకుంటారు. ఒంటిగంటకు అబ్బాసియాలో దిగాను. అక్కడ ఖాదర్ బాషా నాతో చేరాడు. రాయచోటి మనిషి, దర్జీ, జుమ్మా నమాజు ముగించుకుని ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఇతనికి నా మీద ఎగతాళి ఎక్కువ. అయినా నా కోటు ఇతను తప్ప ఇంకెవరూ కుట్టరు.

సందులో ఉన్న ఒక కడప హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. శుక్రవారం రెండు దాటితే సంగటి అయిపోతుంది, తినదలచినవాళ్లు ముందే పోవాలి.

"క్యా రాజు సాబ్, సినిమాకు కోటేసుకొని వస్తాండావు. చైనా చక్రవర్తి నిన్ను చూసి లేసి నిలబడల్లనా?" అన్నాడు బాషా.

"హాలుకు పోయేటప్పుడు మా నాన్న కూడా చొక్కా మార్చుకునేవాడు," అన్నాను.

"ఆయప్పకు సొంత హాలబ్బా. నీకు సొంత కోటు," అన్నాడు.

రెండుంబావుకు సాల్మియా బస్సు దొరికింది. కూర్చోవడానికి సీట్లు దొరికాయి. హవల్లీ దాటాక బస్సు నిదానించింది. నా పక్కన కూర్చున్న నెల్లూరు ప్లంబరు మేం ఎక్కడికి పోతున్నామో విని, "చైనా సినిమాలో కథ ఏముంటాది సార్, ఒకడి నాయన్ని ఇంకొకడు చంపుంటాడు," అన్నాడు. మిగతా దారంతా నిద్రపోయాడు.

మూడూ పదికి రుమైథియా స్టాపులో సుబ్బమ్మ ఎక్కింది. ఆకుపచ్చ చీర, దాని మీద నల్ల అబాయా, చేతిలో గుడ్డసంచి. సంచిలో ఏముందని బాషా అడిగాడు.

"వేయించిన శనగలు. హాల్లో తినాల గదా."

"అక్కా, ఈడ బయటి తిండి లోపలికి రానీరు."

"మీ హాల్లో రానిచ్చినారే రాజా," అంది ఆమె, నా వైపు చూసి. ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలని మామా చెప్పిందట.

మూడున్నరకు మాలు చేరాం. సినిమా హాలు పై అంతస్తులో ఉంది. కదిలే మెట్ల ముందు సుబ్బమ్మ ఆగిపోతే బాషా ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని ఎక్కించాం. టిక్కెట్టు నాలుగు దీనార్లు. కౌంటరు దగ్గర సినిమా ఏ భాషలో ఉందని అడిగి ఉండవలసింది. హాలు నడిపిన ఇంటివాడిని, అది అడగడం నాకు చిన్నతనం అనిపించింది. ఈ రాత చదివి పోదలచినవాళ్లు దయచేసి అడగండి.

నాలుగుంబావుకు దీపాలు ఆరిపోయాయి. తెర వెలిగింది. అంచు కనబడని ఉప్పు మైదానం, తెల్లగా. దాని మీద నెమలికంఠం రంగు గుడారాలు వందల కొద్దీ. గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి. దూరంగా ఎర్ర జెండాలు ఒక గీతలా కదిలి వస్తున్నాయి. సుబ్బమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. గుడారంలో బంగారు పూత సింహాసనం మీద కూర్చున్న చక్రవర్తి నోరు తెరిచాడు. చైనా భాషలో మాట్లాడాడు. తెర కింద అరబ్బీ ఒక వరుస, ఇంగ్లీషు ఒక వరుస.

బాషా నా చెవి దగ్గరికి వంగాడు.

"రాజు సాబ్, చక్రవర్తి తెలుగు మర్చిపోయినట్లుండాడే."

"నువ్వు అరబ్బీ చదువుతావు కదా," అన్నాను.

"అచ్చరాలన్నీ వస్తాయి. అర్థం ఒగటీ రాదు."

సుబ్బమ్మ మెల్లగా అడిగింది. "మీ హాల్లో తెలుగే మాట్లాడినారు కదా రాజా ఈళ్లు?"

"అది మా తాత గొంతు. ఇంగ్లీషులో వచ్చిన సినిమాకు ఆయన మైకులో కథ చెప్పేవాడు."

"ఆడోళ్ల మాటలో?"

"అవీ ఆయనే."

"పోనీలే రాజా. బొమ్మలు చూస్తా. బట్టలు బాగుండాయి," అంది.

బాషా ఎన్ని అన్నా నాకు తగలలేదు గానీ ఆ 'పోనీలే' తగిలింది. ఆదివారం ఆమె పోతుంది. ఇంకో శుక్రవారం లేదు. నేను ఇచ్చిన మాట ఆ తెర మీద అర్థం కాకుండా నడిచిపోతోంది. పదేళ్ల వయసులో తాత పక్కన స్టూలు మీద కూర్చుని ఆయన పని చూశాను. మాటకు మాట చెప్పకూడదు అనేవాడు. ఎవరు, ఎవరి మీద, ఎందుకు, ఈ మూడు చెబితే చాలు. కత్తి దూశాక చెప్పేవాడు నోరు మూసుకోవాలి. నేను ఎప్పుడూ ఆ మైకు ముట్టుకోలేదు. మా నాన్న కూడా ముట్టుకోలేదు.

గొంతు తగ్గించి మొదలుపెట్టాను. మూడు వాక్యాలు కాకముందే ముందు వరుసలోంచి ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఇంకో నిమిషానికి టార్చిలైటు పట్టుకుని హాలు మనిషి వచ్చాడు. ఈజిప్టువాడు, మర్యాదస్తుడు. మాట్లాడకూడదన్నాడు. లేచి నిలబడి, నాకు వచ్చిన అరబ్బీలో చెప్పాను. ఈమెకు చదువు రాదు, ఆదివారం దేశం వదిలి పోతోంది, సినిమా చూపిస్తానని నేను మాట ఇచ్చాను. అతను సుబ్బమ్మను చూశాడు. వెనక ఆఖరు వరుస మూల ఖాళీగా ఉంది, అక్కడికి పొమ్మని టార్చితో దారి చూపించాడు. ఇంకోసారి ఫిర్యాదు వస్తే మాత్రం బయటికే అన్నాడు.

ఆ మూల మా ముందు వరుసలో ఇద్దరే ఉన్నారు. నడవ పక్కన చేతికర్రతో ఒక ముసలి కువైటీ అమ్మ, ఆమె పక్కన పనిమనిషి. నేను వాళ్లను పట్టించుకోలేదు. తెర మీద అప్పుడు రాజభవనం వంటిల్లు. వంద రాగి కొప్పెరలు, ఆవిరి, పైనుంచి వేలాడే నారింజ రంగు దీపాలు, వాటి మధ్య పట్టుబట్టల దాసీలు. ఒక మూల ముదురు నీలం బట్టల్లో నడివయసు ఆడమనిషి గరిటె తిప్పుతోంది.

"ఈమె వంటామె కాదు," అన్నాను. "చనిపోయిన సేనాని కూతురు. వాళ్ల కోటను ఈ చక్రవర్తే కాల్చాడు. పేరు మార్చుకుని ఇరవై ఏళ్లుగా అతని వంటింట్లోనే ఉంది."

"ఇరవై ఏండ్లు ఎవురికీ తెలీలేదా?"

"తెలీలేదు."

"గరిటె పట్టిన తీరు చూస్తానే నాకు తెలిసిపాయ," అంది సుబ్బమ్మ.

బాషా నవ్వు ఆపుకున్నాడు. ముందు వరుసలో పనిమనిషి వెనక్కి తిరిగింది. ఇంక ఫిర్యాదే అనుకున్నాను.

"అన్నా, కొంచెం గట్టిగా చెప్పు," అంది. లక్కిరెడ్డిపల్లె మాట. పేరు నాగమ్మట. "మా మామాకు చదువు రాదు. మనవరాలు టిక్కెట్లు కొనిచ్చి పంపిచ్చింది. నువ్వేం చెప్తాండావని అడగతాంది."

అక్కణ్నుంచి కథ రెండు మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు చదివి నేను తెలుగులో చెబుతాను. నాగమ్మ దాన్ని అరబ్బీ చేసి మామా చెవిలో వేస్తుంది. మామా తల ఊపేదాకా నేను రెండో వాక్యం ఎత్తుకోను. తాతకు ఈ ఇబ్బంది ఉండేది కాదు. చక్రవర్తి తమ్ముడు విషం పంపిన చోట నాగమ్మకు విషానికి అరబ్బీ మాట తట్టక, "చెడిపోయిన కూర" అని చెప్పిందట. మామా ఒప్పుకోలేదు, కూర చెడిపోతే మనిషి అంత త్వరగా చావడు కదా అని అడిగింది. అప్పుడు నాగమ్మ గొంతు పట్టుకుని చూపించింది.

ఈజిప్టువాడు మళ్లీ వచ్చాడు. టార్చి నా మొహం మీద పడింది. నేను నిటారుగా కూర్చున్నాను, మాట ఆపలేదు. మామా తిరగకుండానే చేతికర్ర ఎత్తింది.

"ఖల్లీ యిగూల్," అంది. చెప్పనివ్వు అని.

టార్చి ఆరిపోయింది. కువైట్ వచ్చిన పద్నాలుగేళ్లలో నన్ను చెప్పనివ్వమని ఒకరు అనడం అదే మొదలు. నా గొంతు దానంతట అదే ఒక మెట్టు పైకి పోయింది. మా తాత సేనానులకు వాడే గొంతు అది. నాకు వస్తుందని నాకే తెలియదు.

ఆఖరు యుద్ధం వంటింట్లో మొదలై ఉప్పు మైదానం మీదికి పోయింది. ఆవిరిలో కత్తులు ముందు వినబడ్డాయి, తర్వాత కనబడ్డాయి. రాగి కొప్పెరలు దొర్లాయి. ఆమె నీలం బట్ట తెల్ల ఉప్పు మీద పరుగెత్తింది, వెనక ఎర్ర జెండాల సైన్యం. ఆమె గాలిలోకి లేచినప్పుడు కింద వెయ్యి డాళ్లు ఒక్కసారి పైకి తిరిగి అద్దాల్లా మెరిశాయి. నేను మాట్లాడలేదు. నాగమ్మ మాట్లాడలేదు. చక్రవర్తి మెడ మీద కత్తి పెట్టి, చంపకుండా, ఆమె కత్తిని ఉప్పులో పారేసింది. తర్వాతి దృశ్యంలో రాజభవనం పెద్ద వాకిలి గుండా ఒక్కతే నడిచి బయటికి పోయింది. సుబ్బమ్మ ముందుకు వంగి, గుడ్డసంచి రెండు చేతులా పట్టుకుని చూసింది. ఆ సంచి అక్కడిదాకా ఎలా వచ్చిందో నేను అడగలేదు.

ఆరూ నలభైకి దీపాలు వెలిగాయి. మామా మా వైపు తిరిగింది. కత్తి పారేసిన చోట నువ్వెందుకు చెప్పలేదు అని నాగమ్మ చేత అడిగించింది.

"అక్కడ చెప్పకూడదు. మా హాల్లో పద్ధతి," అన్నాను.

"సహ్," అంది ఆమె. సరైనదే అని. తర్వాత నేనెవరినని అడిగింది.

లేచి కోటు గుండీ పెట్టుకుని చెప్పాను. రామభద్రరాజు కొడుకును, నరసింహరాజు మనవడిని, వెంకటపతిరాజు మునిమనవడిని. నాగమ్మ ఒక్కో పేరూ వరుసగా అందించింది. ఈ దేశంలో మనిషి పేరంటే తండ్రి, తాత కలిపే కదా, ఆమె ప్రతి పేరుకూ తల ఊపింది. తర్వాత తన తండ్రి పేరు, తాత పేరు చెప్పింది. వాళ్లకు ముత్యాల వేటకు పోయే పడవలు ఉండేవట. సుబ్బమ్మ ఆమెకు గుప్పెడు శనగలు ఇచ్చింది. మామా తీసుకుని అక్కడే తింది.

ఏడుంబావుకు తిరుగు బస్సు దొరికింది. శుక్రవారం సాయంత్రం సాల్మియా నుంచి నిలబడే రావాలి. సుబ్బమ్మకు మాత్రం ఒక మలయాళీ నర్సు సీటు ఇచ్చింది. బాషా కమ్మీ పట్టుకుని ఊగుతూ, "రాజు సాబ్, వచ్చే శుక్రవారం గూడా ఏదన్నా చెప్పు. నా కుట్టుమిషను పక్కన కూచోని చెప్పినా సరే," అన్నాడు. అతను ఎగతాళి లేకుండా మాట్లాడడం తక్కువ.

ఆ సినిమా ఎలా ఉందని అడిగితే, నేను చూసినవాటిలో ఇంత రంగు, ఇంత విశాలం ఇంకోటి లేదని చెబుతాను. చూడదలచినవాళ్లు ఆఖరు వరుసలో కుడి మూల కూర్చోండి, తెర మొత్తం కంటికి ఆనుతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుని తిరిగి వస్తున్న మనిషికి నిలబడి ప్రయాణం చెయ్యడం కష్టంగా ఉండదు.

రుమైథియా స్టాపు దగ్గరపడుతుంటే సుబ్బమ్మ అడిగింది.

"ఊరికి పోతానే మీ హాలు ఒగసారి చూసొస్తా రాజా. ఇంగా ఆడతాందా?"

"లేదు. అమ్మేశాం."

"ఎవురమ్మినారు, మీ నాయనా?"

"నేనే," అన్నాను. "స్థలం సిమెంటు వ్యాపారికి, పైకప్పు రేకులు విడిగా ఇంకొకరికి."