నిండు తుపాకీకి పూజ

పోర్టు దగ్గర ఎరువుల గోదాముకు కాపలా కాసే గురునాథరావు నోరు తెరిచాడంటే, రేవులో ఓడలు కూడా కూతలాపి వినాల్సిందే. పద్మనాభం ఊరి పక్క పల్లెలో వరిచేలు వదిలేసి, తండ్రి నాటి లైసెన్సు తుపాకీ భుజాన వేసుకుని విశాఖపట్నం వచ్చాడు. సొంత తుపాకీ ఉన్నవాడికి గార్డు ఉద్యోగం ఇట్టే దొరికే రోజులవి. ఆ తుపాకీతో అతను కొట్టింది మహా అయితే నాలుగు కొంగలు. కానీ అతనుండే వీధిలో ఎవర్నడిగినా, అనంతగిరి అడవిలో లారీ అంత పులిని ఒక్క దెబ్బకు పడగొట్టిన మొనగాడని చెప్పేవారు. అతనే చెప్పాడు మరి.

పక్కింటి ఎల్లాజీ చేపల వేట నుంచి వచ్చి, వల బాగు చేసుకుంటూ గిల్లేవాడు. "బావా, నిరుడు ఆ పులి ఎడ్లబండంతే కదేటి? లారీ అంత ఎప్పుడయ్యిందీ?"

"సచ్చినాక ఉబ్బింది బావా. సేపలు ఉబ్బవేటి?"

తండ్రి బతికుండగా ఆ తుపాకీ ఎప్పుడూ ఒక్కచోట ఉండేది కాదు. గొట్టం అటక మీద, కర్ర గాదె వెనక, తూటాలు తాళం వేసిన ట్రంకు పెట్టెలో. తాళంచెవి తల్లి ఆదిలక్ష్మమ్మ బొడ్లో. "ఈ ముక్కలన్నీ అతికించీలోగా అడవిపంది సేను మేసీసి, నీ కంచంలో కూడు కూడా తినీసి పోద్ది" అని నవ్వేవాడు గురునాథరావు. పట్నంలో అతను దాన్ని ముందుగదిలోనే, వచ్చినవాళ్లకు కనబడేలా మేకుకు తగిలించాడు. తూటాలు మాత్రం బియ్యం డబ్బా వెనక పెట్టేవాడు. అంతవరకూ బుద్ధి ఉండేది.

స్టీలు ప్లాంటు పునాదులు లేస్తున్న ఏళ్లలో ఒక దసరాకి ఆ బుద్ధీ పోయింది. ఆయుధపూజ కోసం సైకిలు కడిగాడు, టార్చిలైటు తుడిచాడు, పీట మీద తుపాకీ పడుకోబెట్టి పసుపు పూసి బొట్లు పెట్టాడు. పెట్టి, దాన్లో తూటా కూరాడు.

భార్య తాయారు గుమ్మంలోంచి చూసింది. "అదేటి? పిల్లలు తిరిగే ఇల్లు. తీసీండి."

"కత్తికి పూజ సేసినప్పుడు పదును తీసెస్తామేటే? ఖాళీ తుపాకీకి దండమెడితే అమ్మోరు నవ్వుద్ది."

తాయారు శనగలు పంచింది. గురునాథరావు గుమ్మడికాయ పట్టుకుని వీధిలోకి వెళ్లి నేలకేసి కొట్టాడు. పూజ అయింది కదా, లోపలికెళ్లి తూటా తీసేస్తే సరిపోయేది. కానీ అక్కడ జనం పోగయ్యారు. "పులి సంగతి సెప్పు బావా" అన్నాడెవడో. అంతే, అన్నీ మరిచిపోయాడు. పొద ఎలా కదిలిందో, పులి ఎలా చూసిందో చేతులూపుతూ మొదలెట్టాడు.

లోపల అతని కూతురు కాశమ్మ, ఎల్లాజీ కొడుకు తాతబాబు కలిసి అదే కథ ఆడుతున్నారు. తండ్రి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో ఆ పిల్లకు కంఠతా వచ్చు. తాతబాబు పులి. చేతులూ మోకాళ్ల మీద పాకుతూ గాండ్రించాడు. కాశమ్మ పీట మీది తుపాకీని ఎత్తను కూడా లేదు. పక్కన కూచుని మీట నొక్కింది.

వీధిలో గురునాథరావు "ఢాం!" అనడానికి నోరు తెరిచాడు. శబ్దం ఇంట్లోంచి వచ్చింది.

తాతబాబు బతికాడు. కానీ గుళ్లు మడమ ఎముకను చితక్కొట్టాయి. ఇక ఆ కాలు ఈడ్చక తప్పదని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. ఊగే పడవలో కాలు నిలదొక్కుకుని బతకాల్సిన వాడు.

వార్డు బయట హెడ్డు కానిస్టేబులు అడిగాడు. "తూటా ఎవరు పెట్టారయ్యా?"

లైసెన్సు పోతుంది, ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. గురునాథరావుది కథ చెప్పడం అలవాటైన నోరు కదా, దానంతట అదే కదిలింది. "నాను వీధిలో ఉన్నాను సార్. పిల్ల బియ్యం డబ్బా ఎనక నించి తూటా తీసి, తనే ఎట్టీసింది. నాను రోజూ డూటీకెల్తూ ఎడతన్నప్పుడు సూసీది." ఎంత బాగా చెప్పాడంటే, డబ్బా మూత మీద పిల్ల చేతి పసుపు మరక కూడా కలిపాడు. జన్మలో అతను చెప్పిన కథలన్నిట్లోకీ జనం కిక్కురుమనకుండా నమ్మింది అదొక్కటే. తాయారు తల దించుకుంది. కాశమ్మ గోడవారగా నిలబడి అంతా వింది.

తాతబాబును ఇంటికి తెచ్చారు. వీధిలో పిల్లలు కాశమ్మను ఆటకు రానివ్వడం మానేశారు. ఒక సాయంత్రం ఎల్లాజీ భార్య చిట్టమ్మ కొడుకు కాలికి కట్టు మారుస్తుంటే, కాశమ్మ వాళ్ల గుమ్మంలోకెళ్లి నిలబడింది. వెనకే పిలవడానికొచ్చిన గురునాథరావుకు కూతురి మాటలు వినబడ్డాయి.

"అత్తా, నానే ఎట్టాను తూటా. డబ్బా ఎనక నించి తీసాను. నా సెయ్యికి పసుపుంది."

తండ్రి చెప్పిన కథల్లో ఆ పిల్ల నమ్మనిది ఒక్కటీ లేదు. ఇదీ నమ్మింది.

గురునాథరావు గుమ్మం పట్టుకున్నాడు. "కాదు సిట్టమ్మా. దానికేటీ తెల్దు. పూజలో నానే ఎట్టాను. నిండుగా వొగ్గీసి ఈదిలోకొచ్చీసాను."

మూల కూచున్న ఎల్లాజీ తలెత్తాడు. గొంతులో ఎగతాళి లేదు. "వొద్దు బావా. కూతుర్ని కాయడానికి ఇంకో కత కడతన్నావు. నీ కతలు సాలు."

"సత్తెం బావా! సింహాద్రప్పన్న మీద ఒట్టు!"

"పులికీ ఒట్టే ఏసావు."

ఒట్టు వేసిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదతనికి. ఇంటివైపు తిరిగి పిలిచాడు. "తాయారూ! నువ్వు సెప్పు."

తాయారు వచ్చింది. ఎల్లాజీ వైపు కాదు, కూతురి వైపు చూసి చెప్పింది. "ఆయనే ఎట్టారు. నాను తీసీమన్నాను, తీయనేదు. ఆసుపత్రి కాడ నానూ నోరు మూసుకున్నాను."

చిట్టమ్మ కట్టుగుడ్డ పక్కన పెట్టి, గురునాథరావు ముఖంలోకి చూసింది. తిట్టినా బాగుండేది.

"మరి నాను ఎట్టనేదా నాన్నా?" అంది కాశమ్మ.

"నేదమ్మా. నువ్వు ఎట్టనేదు."

అప్పుడేడ్చింది ఆ పిల్ల. తుపాకీ పేలిన రోజు నుంచి ఏడవనిది, కక్కుకున్నట్టు ఏడ్చింది. గురునాథరావు చేతులు చాపాడు. కాశమ్మ తప్పించుకుని, తల్లి దగ్గరికి కూడా పోకుండా చిట్టమ్మ ఒళ్లో పడింది. చిట్టమ్మ తోసెయ్యలేదు. అలాగని గురునాథరావును లోపలికి రమ్మనీ అనలేదు.

అతను గుమ్మం దిగి, ఆ మాటే మళ్లీ చెప్పడానికి పోలీసు స్టేషను దారి పట్టాడు. ఎల్లాజీ చొక్కా తగిలించుకుని వెనకే వచ్చాడు.

"పద. దారిలో కత మార్సీగలవు."