మా తమ్ముడికి వచ్చిన జెండా పాట

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ వార్త ఏ చానల్లోనూ రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. డోర్నకల్ దగ్గర మా తండాలో, మా ఇంటి మొత్తానికి డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఫోన్లో రిజల్టు చూసుకుని ఒక్క పరుగున ఇంట్లోకొచ్చేసరికి బాపు, అమ్మ, తమ్ముడు ముగ్గురూ టీవీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"బాపూ, పాసైన!" అని అరిచాను.

"జర ఆగు బిడ్డా. పది కోట్లు దాటింది," అన్నాడు బాపు, తల తిప్పకుండా.

దాటింది ఒక ఇరవై ఏళ్ల క్రికెట్ ఆటగాడి ధర. ఆ రోజు ఆటగాళ్ల వేలం. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు బల్లల చుట్టూ కూర్చుని బోర్డులు ఎత్తుతున్నారు. ఎత్తిన ప్రతిసారీ మనదేశం యుద్ధం గెలిచినట్టు సంగీతం. ఒక చానల్ ఆ అబ్బాయి పొద్దున ఏం తిన్నాడో చెప్పింది. ఇంకో చానల్ అతను చిన్నప్పుడు బంతి కొట్టిన గోడ చూపించింది. మూడో చానల్లో నలుగురు నిపుణులు కూర్చుని, ధర పలికినప్పుడు అతను ఎందుకు నవ్వలేదని అరగంట చర్చించారు. మా వైపు మిర్చికి తెగులు సోకినప్పుడు ఇదే చానల్లో కింద ఒక్క లైను పరుగెత్తింది. అదీ పూర్తిగా చదివేలోపే ప్రకటన వచ్చింది.

మావాళ్లు అంతలా టీవీకి అతుక్కుపోవడానికి కారణం ఉంది. తమ్ముడికి పదిహేడేళ్లు. మంచి వేగంగా బంతి వేస్తాడు. భూపాలపల్లిలో మా మేనమామ బొగ్గు గనిలో పనిచేస్తాడు. అక్కడి గని క్వార్టర్ల వెనక గ్రౌండులో జరిగిన పోటీలో వీడు ఒక మిక్సీ గెలుచుకొచ్చాడు. అక్కడ బంతి వేసిన వీడియో ఫోన్లో పెట్టిన వారానికే జనగామ దగ్గర కొత్తగా పెట్టిన ఒక క్రికెట్ అకాడమీ నుంచి మెసేజ్ వచ్చింది. 'అభినందనలు, మీరు సెలెక్ట్ అయ్యారు.' మూడేళ్లు వాళ్ల దగ్గర ఉంటే వేలం దాకా తీసుకెళ్తారట. ఫీజు మాత్రం ఈ ఏడు మా మిర్చి మొత్తం అమ్మితే వచ్చేంత. తమ్ముడు ఇంటర్ మానేసి వెళ్తానన్నాడు. మిర్చి మర్నాడే మార్కెట్‌కు పోతోంది. బాపు కూడా పది కోట్ల వైపే మొగ్గాడు.

"మనోడు గూడ గట్లనే నిలవడ్తడు సూడు," అని అమ్మతో అన్నాడు. ఇక నా డిగ్రీ ఊసు ఎవరెత్తుతారు?

మర్నాడు పొద్దున బాపు, తమ్ముడితో పాటు మిర్చి మార్కెట్‌కు నేను కూడా వెళ్లాను. అక్కడ ముందు జెండా పాట జరుగుతుంది. యార్డు మొత్తంలో మేలైన సరుకున్న ఒక్క బస్తాల రాశిని ఎంచి, దాని దగ్గర జెండా పట్టుకుని, వ్యాపారులందరూ గుమిగూడి ధర పెంచుకుంటూ పోతారు. మర్నాడు పేపర్లో వచ్చేది ఆ ధరే. ఆ తర్వాత మిగతా రాశుల దగ్గరికొచ్చి తేమ ఉందంటారు, రంగు పోయిన తాలు కాయలున్నాయంటారు, ధర కోసేస్తారు. పేపర్ చదివిన చుట్టాలు మాత్రం ఫోన్ చేసి, మీకేంది, ఈసారి బంగారమే గదా అంటారు.

మా రాశికి కూడా అలాగే కోత పడింది. బాపు ముఖం మాడ్చుకుని టీ కొట్టు దగ్గరికొచ్చేసరికి అకాడమీ మనిషి సిద్ధంగా ఉన్నాడు. ఫీజు కోసం అంత దూరం నుంచి వచ్చాడు పాపం. నల్ల కళ్లద్దాలు, చేతిలో ట్యాబ్. అందులో వేలం వేదిక మీద మా తమ్ముడు నిలబడ్డట్టు బొమ్మ చేసి తెచ్చాడు. పక్కన కోట్లు కూడా రాశాడు. తమ్ముడి కళ్లు మెరిశాయి. వాళ్లిచ్చిన టోపీ అప్పటికే నెత్తిన ఉంది.

బాపు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"సారూ, నిన్న పది కోట్లకు పోయిన పిలగాడు మీ తాననే నేర్సిండా?"

"మా దగ్గర కాదు పెద్దాయనా. కానీ మా పద్ధతీ అదే."

"మీ తాన ఎంతమంది పోరగాండ్లున్నరు?"

"రెండొందల మంది!" అన్నాడు గర్వంగా.

"అండ్ల ఎంతమంది అమ్ముడువోయిన్రు?"

"అలా అడక్కూడదు పెద్దాయనా. పాజిటివ్‌గా ఆలోచించాలి."

"గిది జెండా పాట సారూ. పేపర్ల వడ్డ బస్త ముచ్చట నాకెందుకు? మిగిలిన బస్తలు ఏ ధరకు వోతున్నయో గది చెప్పు."

అతను నవ్వి ఫారం ముందుకు తోశాడు. బాపు దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"డిగ్రీ పాసైతివి గద బిడ్డా. సదువు."

అంటే నిన్న విన్నాడన్నమాట! యార్డంతా వినపడేలా చదివాను. మొదటి మూడు పేజీల్లో ఆకాశమంత ఆశ ఉంది. చివరి పేజీ అడుగున, చీమ తల కంటే చిన్న ఇంగ్లిషు అక్షరాల్లో, ఫీజు తిరిగి ఇవ్వరనీ, ఏ ఎంపికకూ హామీ లేదనీ ఉంది. తెలుగులో చెప్పాను.

"మీకు నా మీద నమ్మకం లేదు," అని తమ్ముడు లేచాడు.

అకాడమీ మనిషికి అదే అదను దొరికింది. "చూడండి, మీ తండా నుంచే పదకొండు మంది సెలెక్టయ్యారు. మీరే వెనకబడుతున్నారు," అంటూ ట్యాబ్‌లో పేర్ల లిస్టు తీసి తమ్ముడి ముందు పెట్టాడు.

తమ్ముడు వేలితో ఒక్కో పేరూ కిందికి జరుపుతూ ఒక చోట ఆగాడు.

"గీడు మాకు స్కోరు రాస్తడు సార్. ఎన్నడు బంతి వట్టుకోలే."

"అతనిలో టాలెంట్ దాగుంది," అన్నాడు అకాడమీ మనిషి, ఏమాత్రం తడుముకోకుండా.

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. అకాడమీ మనిషి వెనకాలే వచ్చి ఫీజు సగం చేస్తానన్నాడు. మేం రోడ్డెక్కేలోపు ఆ సగంలో సగం అన్నాడు.

సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే రైల్లో తమ్ముడు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఓదార్చడం నాకు రాదు. డోర్నకల్ దగ్గరికొస్తుండగా నావైపు తిరిగాడు.

"అక్కా, నీ డిగ్రీ కాయితం మీద నౌకరి ఇస్తమని హామీ రాసుంటదా?"

సంతోషంలో నేను ఆ సంగతే ఆలోచించలేదు.

"ఉండదురా," అన్నాను.

"అయితే సోమారం నేను గూడ కాలేజీకి వోత," అన్నాడు. "గక్కడ ఫీజన్న తక్కువ."