ఆంటోనైనస్ శేషగిరి గారు

శేషగిరి గారికి తాగుడు లేదు, పేకాట లేదు, క్రికెట్ పిచ్చి లేదు. ఉన్న వ్యసనం ఒక్కటే. మనిషి దొరికితే చాలు, కూర్చోబెట్టి రోమ్ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ జీవిత చరిత్ర చెప్పేస్తారు. రోమ్‌లో చక్రవర్తులకి కొదవా? తల్లిని చంపించినవాడున్నాడు, గుర్రానికి పదవి ఇస్తానన్నవాడున్నాడు. వాళ్ళెవరూ ఈయనకి అక్కర్లేదు. ఇరవై మూడేళ్ళు సింహాసనం మీద కూర్చుని, చెప్పుకోదగ్గ గొడవ ఒక్కటీ పడని పెద్దమనిషే కావాలి.

ఇల్లినాయ్‌లో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్లలో ఆ కథకి బలికాని తెలుగువాడు లేడు. నన్ను కూడా వదల్లేదు. నేనంటే ఎవరనుకున్నారు? ఎం.ఎస్. మధ్యలో మానేసినవాణ్ణి. మిగతావాళ్ళకి నాలుగు సెమిస్టర్లలో అర్థమైంది నాకు రెండింటిలోనే అర్థమైపోయింది, అంతే తేడా. అక్క పుణ్యమా అని గ్రీన్ కార్డ్ ఉంది, ఇండియన్ స్టోర్ వాన్ నడుపుకుంటూ దర్జాగా బతికేవాణ్ణి. కోతలు కోయడంలో ఇల్లినాయ్ మొత్తానికి నాకు సాటి లేదు. అలాంటివాణ్ణి, ఆయన ముందు ఆవులిస్తూ కూర్చునేవాణ్ణి.

"ఆంటోనైనస్‌కి యాభై దాటాక రాజ్యం వచ్చిందిరా," అనేవారు.

"యుద్ధం చేసి గెలిచాడా గురువుగారూ?"

"అబ్బే. హేడ్రియన్ చక్రవర్తి దత్తత తీసుకుంటానన్నాడు, ఈయన సరేనన్నాడు."

"వచ్చీరాగానే ఎవర్నైనా నరికించాడా?"

"ఛ ఛ. పాత చక్రవర్తి చంపమన్నవాళ్ళని కూడా ఇంటికి పంపేశాడు."

"పోనీ దండెత్తి వెళ్ళాడా?"

"ఇటలీ పొలిమేర దాటలేదు. చక్రవర్తి బయల్దేరితే దారిలో ఊళ్ళవాళ్ళకి ఖర్చు కదా!"

ఈ ముక్కకి వచ్చేసరికి నా కళ్ళు మూతపడేవి. ఒకసారి చెరువు పక్క పార్కింగ్ లాట్‌లో ఆయన ఈ కథే చెబుతుంటే, పాతిక కెనడా బాతులు తలలు రెక్కల కింద పెట్టేసుకున్నాయి. నేను కళ్ళారా చూశాను. ఆ పూట వలస ఆలస్యమైందని రేడియోలో కూడా చెప్పారు.

లోకేష్ అని మా కింది ఫ్లాట్ కుర్రాడు. వీసా ఎక్స్‌టెన్షన్ ఆగిపోయిందని తిండి మానేసి తిరుగుతుంటే శేషగిరి గారు పట్టుకుని కూర్చోబెట్టారు. "పయస్ అన్న బిరుదు ఎందుకొచ్చిందో తెలుసా? ముసలి మామగారు సభలో నడవలేకపోతుంటే చెయ్యి పట్టుకుని నడిపించాడట!" అన్నారు. లోకేష్ సోఫాలో అలాగే ఒరిగి నిద్రపోయాడు. మేం నవ్వుకున్నాం. మనిషి కష్టంలో ఉంటే ఈయన మామగారి కథ చెబుతాడేమిటని.

2009 జనవరి. పై ఫ్లాట్‌లో ఉండే జయంతికి ప్రాజెక్ట్ పోయింది. కరీంనగర్ పిల్ల, హెచ్-వన్ వీసా మీద ఉంది. ఇంకో ప్రాజెక్ట్ దొరక్కపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. చివరికి ఆర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ నుంచి ఒక క్లయింట్ ఎదురుగా కూర్చుని మాట్లాడతామన్నాడు. తెల్లారితే ఇంటర్వ్యూ అనగా మంచు కురిసి ఫ్లైట్ క్యాన్సిల్ అయింది.

"నేనున్నాగా! ఆర్కాన్సా నాకు వంటిల్లు," అన్నాను. అప్పటికి ఆర్కాన్సాని మ్యాప్‌లోనే చూశాను. కారు తీసేసరికి ముందు సీట్లో టిఫిన్ క్యారేజీతో శేషగిరి గారు!

"మీరెందుకు గురువుగారూ?"

"దారిలో కథ చెప్పొద్దూ?"

జయంతి వెనక సీట్లో కూలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అన్నా, వారం నుంచి నిద్ర లేదే. చదివిందేం యాదికొస్తలేదు. రేపు నోరు పెగులుతదో లేదో," అంది.

సెయింట్ లూయిస్ దాటాక పులిహోర తిన్నాం. శేషగిరి గారు వెనక్కి తిరిగి మొదలుపెట్టారు. "అమ్మడూ, ఆ చక్రవర్తి ద్రాక్షకోతలకి పల్లెకి వెళ్ళేవాడు. చేపలు పట్టేవాడు. స్కాట్లాండ్‌లో ఒక గోడ కట్టించాడు. చూడ్డానికి మాత్రం వెళ్ళలేదు..."

జయంతి తల కిటికీకి ఆనింది. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. స్టీరింగ్ ముందున్న నేను కూడా అదే కథ వింటున్నాను, పైగా కడుపులో పులిహోర. టైర్లు రోడ్డు అంచు గాట్ల మీద బర్రుమన్నాయి!

శేషగిరి గారు నా డొక్కలో ఒక్కటి పొడిచి, నా చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించారు. "ఒరేయ్, కొమోడస్ సంగతి చెప్పనా? ఆంటోనైనస్ కూతురి కొడుకు. చక్రవర్తయ్యుండి గోదాలో దిగి కత్తియుద్ధాలు చేశాడు. ఓ రోజు ఆస్ట్రిచ్ తల నరికి, అది ఓ చేత్తో, కత్తి ఓ చేత్తో పట్టుకుని, చూడ్డానికొచ్చిన సభ పెద్దల ముందుకొచ్చి పళ్ళికిలించాడు!"

నా నిద్ర ఎగిరిపోయింది. "తర్వాత?"

"పన్నెండు నెలలకీ తన పేర్లే పెట్టాడు. చివరికి తనతో కుస్తీ పట్టే మల్లుడే పీక పిసికేశాడు."

అలా మిస్సోరీ అంతా విషాలు, కుట్రలు, కత్తిపోట్లు. అన్నీ గుసగుసల్లోనే. నాకు కడుపు మండింది. "ఇంత సరుకు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఆ చప్పిడి చక్రవర్తితో మమ్మల్ని చంపారా?"

ఆయన వెనక్కి చూసి జయంతి శాలువా సరిచేశారు. "2001లో నా ఉద్యోగం పోయింది. నిద్ర లేదు. లైబ్రరీ వాళ్ళు వదిలించుకుంటున్న పుస్తకం ఒకటి దొరికితే తెరిచాను. కొమోడస్ దగ్గర గుండె దడ. ఆంటోనైనస్ దగ్గర రెండో పేజీకే నిద్ర పట్టేసింది. ఏ పేజీ తిప్పినా ఆపద రాలేదురా! భయపడ్డవాడికి సలహాలిచ్చేవాళ్ళు ఊరంతా ఉంటారు. నిద్రపుచ్చేదెవరు?"

నేను వేగం తగ్గించి, కుదుపు లేకుండా నడపడం మొదలుపెట్టాను.

మర్నాడు జయంతి ఇంటర్వ్యూలోంచి ముఖం కడిగినట్టు తేటగా బయటికొచ్చింది. "మంచిగనే చెప్పిన. వీకెండ్‌లోపు ఫోన్ చేస్తరంట." శేషగిరి గారికి మాత్రం మోటెల్‌లో కన్ను మూతపడలేదు. ఈసారి జయంతికి ఉద్యోగం వస్తుందో రాదోనని దిగులు ఆయనది. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో అటూ ఇటూ దొర్లుతున్నారు.

"నేను చెబుతా వినండి," అన్నాను. "ఆంటోనైనస్ పయస్ ఏనుగెక్కి..."

ఆయన దిగ్గున లేచారు. "ఏనుగెక్కడిదిరా?"

"శత్రువులు మూడువైపులా..."

"శత్రువులు లేర్రా! పాడు చేస్తున్నావు కథ!"

"నువ్వాగన్నా," అంది జయంతి. వెనక్కి తిరిగి మెల్లగా అందుకుంది. "అంకుల్, చక్రవర్తి పండు ముసలోడైండు. ఇంత జున్ను తిన్నడు. రెండు దినాలు జ్వరమొచ్చింది. కావలి అధికారొచ్చి ఈ పూట కాపలా సంకేతపు మాట ఏందని అడిగితే, నిమ్మళం అన్నడు. నిద్రపోయేటోని లెక్క పక్కకి ఒత్తిగిల్లిండు..."

వెనక నుంచి గురక వినిపించింది. సరిగ్గా అప్పుడే జయంతి ఒళ్ళో ఫోన్ గిజగిజలాడింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "యెస్. థాంక్యూ. మండే? యెస్!" పెట్టేసి నా వైపు చూసింది. దొరికింది!

అరుద్దామంటే వెనక పెద్దాయన. జయంతి శాలువా కొస నోట్లో కుక్కుకుని సీట్లోనే ఎగిరింది. హారన్ కొట్టడానికి లేదు కాబట్టి నేను వైపర్లు వేశాను, లైట్లు మిణుకు మిణుకుమనిపించాను, రెండు ఇండికేటర్లూ ఆన్ చేశాను. ఆ మధ్యాహ్నం చలికాలపు ఎండలో, చప్పుడు చెయ్యకుండా పండగ చేసుకుంటూ పోతున్న కారును మిస్సోరీలో ఎవరైనా చూసి ఉంటే, అది మాదే.