మల్లమ్మ బరువులో కలిసిన రాగులు

పెద్దపంజాణి పక్కనున్న ఆ పల్లె చరిత్రను ఎవరైనా యుగాలుగా విడగొట్టి రాయదలిస్తే, అంజనప్ప తన భార్య నడుముకు రాగుల సంచి కట్టకముందు, కట్టిన తర్వాత అని రెండు భాగాలు చేయడమే న్యాయం. శాసనం వేయించలేదు గానీ, ఆ ఘట్టం కాగితాల మీద పదిలంగా ఉంది.

ఏటా ఎండాకాలంలో ఆరోగ్య సర్వే వాళ్లు జీపులో వచ్చి ఊరందరినీ తూచేవాళ్లు. కరువొచ్చినా, బోరు పడినా, గొర్రెలు అమ్ముకున్నా మనిషి ఒంట్లో ఏం మారుతుందో ఇరవై ఏండ్లు చూస్తారట. మొదటి ఏడు బడి వసారాలో సర్వే అమ్మాయి లత మల్లమ్మ బరువు గట్టిగా చదివింది. "నలభై ఒకటి!"

వరుసలో ఉన్న రెడ్డెమ్మ ఊరుకుంటుందా! "ఏమప్పా అంజనప్పా, గొర్రెలకే మేతేస్తాండావా, పెండ్లానికి గూడా ఏస్తాండావా?"

నూరు గొర్రెల ఆసామి తలెత్తలేకపోయాడు. మరుసటి ఏడు మల్లమ్మతోపాటు, చీర కింద, కేజీ రాగులు కూడా యంత్రమెక్కాయి. ఆపైన వానలు మొహం చాటేశాయి. మల్లమ్మకు దగ్గు పట్టుకుంది. అంగట్లో దొరికే సిరప్పుతో సరిపెట్టారు. ఆమె తగ్గేకొద్దీ రాగులు పెరిగాయి. చూసేవాళ్లకు ఒళ్లు చేసినట్టే ఉండేది.

"యాల ఈ సంచి? ఒంట్లో బాగలేదని చెప్పేద్దాం," అంది మల్లమ్మ ఒకసారి.

"నోరు మూసుకోని ఎక్కు. ఊరు సూస్తాండాది."

ఆరో ఏడు లత కాగితాలు తిరగేసి మెచ్చుకుంది కూడా. "కరువుకు ఊరంతా తగ్గినారప్పా. మీ ఇల్లొకటే నిలబడింది."

అంజనప్ప మీసం సవరించుకున్నాడు. శాస్త్రానికి అంత సేవ చేసినవాడు ఆ మండలంలో మరొకడు లేడు.

ఏడో ఏడు యంత్రం ముందు మల్లమ్మకు కాలు లేవలేదు. అందరూ చూస్తుండగా సంచి విప్పి యంత్రం మీద పెట్టింది. "దీన్ని యేరేగా రాసుకోమ్మా. మోసుకోని ఎక్కే సత్తువ నాకు లేదు."

రాగులు ఐదు. మల్లమ్మ ముప్పై ఏడు.

లత పాత కాగితాలు ముందరేసుకుంది. "ఇంత తగ్గిందని తెలిసుంటే మేమే జీపులో ఆసుపత్రికి తీసకపోయేవాళ్లం కదప్పా. మొదటేడే చెప్పినాము."

చెప్పిన మాట నిజమే. పెండ్లాన్ని ఎవరో జీపెక్కించుకుని పోతే ఊళ్లో తనకేం పరువు మిగులుతుందన్నది అప్పటి అంజనప్ప ఆలోచన.

మదనపల్లె ఆసుపత్రిలో క్షయ అన్నారు. ఎడమ ఊపిరితిత్తి ఇక పనికిరాదన్నారు. కుడిదాన్నైనా కాపాడమని అంజనప్ప నర్సమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మందులకు ఎన్ని గొర్రెలైనా అమ్మేస్తానమ్మా."

నర్సమ్మ మాత్రల పొట్లం చేతిలో పెట్టింది. ఆ మాత్రలు సర్కారు ఊరికే ఇస్తుంది.