పొగ నిలువుగా లేచిన రోజు

ఎల్బీనగర్‌లోనే బస్సు ఆపేశారు. ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్. భుజాన కిట్‌బ్యాగు, నెత్తిన ఎండ, నాదర్‌గుల్ దాకా నడక. మిలిటరీలో చేశానని మావాళ్లు ఇప్పటికీ బార్డర్ ముచ్చట చెప్పమంటారు. నన్ను వణికించిన డ్యూటీ మాత్రం ఈ సాగర్ రోడ్డు పక్కనే పడింది.

విమానం నడపడం నేర్పే చిన్న రన్‌వే అది. నాది మంటలార్పే పని. ఒక జీపు, నురుగు సిలిండర్లు, ఇసుక బకెట్లు. విమానం పాతది, తోక కింద బుల్లి చక్రం. దిగేటప్పుడు పక్కగాలి కొట్టిందా, తోక మాట వినదు. అందుకే గాలి సంగతి ముందుగా రేడియోలో చెప్పాలి. గాలి చూపే గుడ్డ సంచి చిరిగిపోయింది. కొత్తది బంద్‌లో ఎక్కడో ఇరుక్కుంది.

ఆ రోజు కంచె అవతల రోడ్డు మీద వంటావార్పు. ఆగిపోయిన లారీల చాటున పొయ్యిలు వెలిగించారు. పైన మా కెప్టెన్ ఒక్కడే విమానంలో ఉన్నాడు. రేడియో ఆపరేటర్ గుంటూరు వైపు మనిషి. కిటికీలోంచి ఆ పొగనే చూశాడు.

"గాలి లేదు సార్. పొగ నిట్టనిలువుగా లేస్తోంది. దిగేయండి."

నేను రన్‌వే పక్కన నిలబడ్డాను. లారీల ఎత్తు దాటిన పొగ ఒక్కసారిగా వంగి నా ముఖానికి కొట్టింది. కింద గాలిని లారీలు అడ్డుకుంటున్నాయి, అంతే.

"గాలుంది! దిగొద్దని చెప్పు!" అని అరిచాను. అప్పటికే చక్రాలు నేలకు తగిలాయి.

కొంత దూరం తిన్నగానే వచ్చింది. వేగం తగ్గగానే గాలి తోకను నెట్టింది, ముక్కు ఎడమకు, పొయ్యిల వైపు తిరిగింది. అటే దూసుకెళ్లింది. కంచె దగ్గర తోక గిర్రున తిరిగి, కుడి రెక్క నేలను గీకి ఆగింది. గుప్పున పెట్రోలు వాసన.

"పొయ్యిలు ఆర్పుండ్రి! పెట్రోల్ కారుతుంది!" అని కంచె అవతలికి అరిచాను.

"అన్నం పోతే పాయె, జర జరుగుండ్రి!" అంటూ ఒక పెద్దమ్మ ఉడుకుతున్న గుండిగను పొయ్యిలోకి వంచేసింది. మిగతా ఆడవాళ్లూ వంచేశారు. నిప్పులు బుస్సుమని చచ్చాయి. ఆ తల్లులకు ఈ రోజుకీ దండం పెట్టుకుంటాను.

రెక్క మీద నురుగు కొట్టి తలుపు లాగాను. కెప్టెన్ ఒంటి మీద గాయం లేదు. ముందుకే చూస్తున్నాడు.

"దిగండి సార్."

"తిరుగుతోందయ్యా. ఆగట్లేదు."

"ఆగింది సార్. ఎప్పుడో ఆగింది."

ఆయనకు వినపడలేదు.

కొన్నాళ్లకు ఆ డ్యూటీ ముగిసి ఇంటికొచ్చాను. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. కెప్టెన్ మళ్లీ ఎగరలేదని విన్నాను. బస్సు మలుపు తిరిగిన ప్రతిసారీ నాకు ఆ కాలే కనపడుతుంది. ఆగిపోయిన విమానంలో, ముక్కును కుడికి తిప్పే పెడల్‌ను ఇంకా బలంగా తొక్కిపట్టి వణుకుతున్న కాలు.